ఐదుగురు విలన్లూ ఒక అల్లుడూ

ఆ రోజు ఉదయం మాటల రచయిత వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. తొమ్మిదింటికల్లా ఇంట్లోంచి బయల్దేరాలి. దారిలో స్టూడియో దగ్గర పది నిమిషాలు ఆగి, మిగిలిపోయిన డైలాగేదో సరిచేసి ఇవ్వాలి. అక్కణ్ణించి నేరుగా స్టేషనుకు వెళ్ళి అత్తగారిని మధ్యాహ్నం రైలు ఎక్కించాలి. రైలు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాలి. ఈ చివరి అంశాన్ని అతను కొన్నాళ్ళుగా మనసులో సాధన చేస్తున్నాడు.

వారం రోజులుండి వెళ్తానని వచ్చిన అత్తగారు మూడో నెలలో కూడా ఆ మాట మీదే ఉన్నారు. ఆవిడ నూలు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యారు. యంత్రాల మోతను దాటి చివరి వరసకు వినిపించేలా మాట్లాడటానికి అలవాటుపడ్డ గొంతు ఆవిడది. ఇప్పుడు చుట్టూ యంత్రాలు లేవు గానీ గొంతు మాత్రం అవి ఉన్నాయనే అనుకుంటోంది. అయితే అల్లుడికి మర్యాద ఇవ్వడంలో ఆవిడ లోటు చేశారని గిట్టనివాళ్ళు కూడా అనలేరు. "మీరు బొత్తిగా పనికిరారండీ" అనేవారే తప్ప, పొరపాటున కూడా "నువ్వు" అని ఎరగరు.

అల్లుడి వృత్తి హిందీ సినిమాలకు తెలుగు మాటలు రాయడం. మధ్యాహ్నం పూట, ఇంట్లో సగంమంది కునుకు తీస్తుంటే మిగతా సగం రిమోటు వెతుక్కునే వేళ, టీవీలో వచ్చే సినిమాలన్నీ అతని చేతిమీదుగానే తెలుగు నేర్చుకుంటాయి. ఇప్పుడు నేర్చుకుంటున్న సినిమా పేరు 'నెత్తుటి రుమాలు'.

దాని కథ చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. రాసినవాళ్ళకీ పట్టినట్టు లేదు. ఐదుగురు విలన్లు కలిసి ఒక పల్లెటూరి అమ్మాయి ఇల్లు తగలబెట్టి, తండ్రిని చంపి, పోతూ పోతూ ఆమె మేకపిల్లను కూడా పట్టుకుపోతారు. అమ్మాయి కొండల్లోకి వెళ్ళి, ఒక ముసలి బందిపోటు దగ్గర ఒకే ఒక్క పాటలో గుర్రపుస్వారీ, కత్తిసాము, తుపాకీ మూడూ నేర్చేసుకుంటుంది. పాట అయిపోగానే ముసలాయన చచ్చిపోతాడు, నేర్పడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి. అక్కణ్ణించి ప్రతీకారం మొదలు. ఆమె పిస్తోలులో ఆరు గుళ్ళు పడతాయి, పద్దెనిమిది పేలతాయి. కొండ ఎక్కేటప్పుడు నల్లగా ఉన్న గుర్రం దిగేటప్పుడు తెల్లగా ఉంటుంది. ఆమె నిప్పుల్లోంచి దూకినా, వాగులో కొట్టుకుపోయినా పెదాల రంగు మాత్రం చెక్కుచెదరదు.

ఆ పెదాలు కూడా సగం సినిమా వరకే. సగంలో హీరోయిన్ ఎండకు తట్టుకోలేక తప్పుకుందట. నిర్మాత కంగారుపడలేదు. ఇంకో అమ్మాయి మొహానికి నల్ల రుమాలు కట్టి గుర్రం ఎక్కించాడు. అందుచేత ప్రతీకారాలన్నీ రుమాలు వెనకనుంచే జరుగుతాయి. ఈ ఏర్పాటుకు అందరికన్నా ఎక్కువ సంతోషించినవాడు మన రచయిత. పెదాలు కనిపించకపోతే ఏ మాటైనా అతుకుతుంది.

స్టూడియో అంటే టైర్ల దుకాణం మీద ఒక మేడ. రచయిత అత్తగారి పెట్టె ఒక చేత్తో, సంచి ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. వెనక అత్తగారు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి మోకాలితో సంప్రదించి ఎక్కారు.

"పది నిమిషాలే అత్తయ్యా" అన్నాడు.

"మీ పది నిమిషాలు నాకు తెలియనివి కావు లెండి" అన్నారు ఆవిడ.

పైన వరండాలో ఆ బందిపోటు అమ్మాయికి గొంతు ఇస్తున్న డబ్బింగ్ కళాకారిణి మెడకు మఫ్లరు చుట్టుకుని, వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రచయితను చూసి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. లోపలినుంచి స్టూడియో యజమాని వచ్చి, చావు కబురు చెప్పేవాడిలా రచయిత భుజం మీద చెయ్యి వేశాడు.

"నిన్న ఇల్లు తగలబడే సీను చేశాం. 'వదలనురా' అన్న ఒక్క మాట నాకు నచ్చేదాకా చెప్పించాను. చివరికి నచ్చింది. ఈవిడ గొంతు పోయింది."

"మిగతా సీన్లు?"

"ఐదు ప్రతీకారాలూ అలాగే ఉన్నాయి. సాయంత్రానికి ఛానెల్‌వాళ్ళ చేతిలో పెట్టాలి. రేపు మధ్యాహ్నం వేస్తున్నామని వాళ్ళు ప్రకటన కూడా ఇచ్చేసుకున్నారు. ఇవ్వలేదంటే ఇక ఆ ఛానెల్ పని మనకు రాదు. మనకు అంటే, ముందు నీకు."

"ఇంకెవరినైనా పిలవాల్సింది సార్."

"పిలిచాను. ఖాళీగా ఉన్న ఒక్కావిడ చిలకలకీ చంటిపిల్లలకీ చెబుతుందట. ఆ గొంతుతో బెదిరిస్తే విలన్ ఎత్తుకుని ఆడిస్తాడు గానీ చావడు. నువ్వొకసారి చెప్పి చూడు."

రచయిత గొంతు సన్నం చేసి "ఒరేయ్ నీచుడా" అన్నాడు. తలుపు బందుకు నూనె వెయ్యాలేమోనని సౌండ్ ఇంజనీరు లేచి చూశాడు.

ఈలోగా అత్తగారు కూర్చోవడానికి చోటు వెతుక్కున్నారు. ఆ మేడంతటికీ ఏసీ ఉన్నది రికార్డింగ్ గదిలోనే. ఆవిడ లోపలికి వెళ్ళి, పెట్టె పక్కన పెట్టించుకుని, మైకు ఎదురుగా ఉన్న కుర్చీలో స్థిరపడ్డారు. ఆ గదికీ ఇంజనీరు గదికీ మధ్య పెద్ద అద్దం. ఇంజనీరు గదిలో తెర మీద మొదటి ప్రతీకారం సిద్ధంగా ఉంది. కొండ చివర నిలబడి మొదటి విలన్ నవ్వుతుంటాడు, బందిపోటు తాడు పట్టుకుని పైకి పాకుతుంటుంది. విలన్ల గొంతులు ముందే అయిపోయాయి. వాళ్ళు ఎటూ నవ్వడమే తప్ప మాట్లాడేది తక్కువ. ఇంజనీరు మైకు సరిగ్గా ఉందో లేదో చూడటానికి రికార్డింగ్ మీట నొక్కి, కట్టెయ్యకుండా అలాగే ఉంచేశాడు.

"అల్లుడుగారూ" అని లోపలినుంచి పిలుపు వచ్చింది. "ఒకసారి ఆ టికెట్ చూపించండి. నాది కింద బెర్తేనా?"

రచయిత లోపలికి వెళ్ళి ఫోను చూపించాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు.

"పైదా? పై బెర్తా? నా మోకాళ్ళ సంగతి మీకు తెలియదటండీ? ఈ కాళ్ళతో అంత పైకి ఎలా వస్తాననుకున్నారు? పైన ఉంటే నేను రాలేననేగా మీ ధైర్యం? వస్తానండీ. పాక్కుంటూ అయినా వస్తాను. వచ్చాక మీ పని చెబుతాను."

ఇంజనీరు గదిలో స్పీకర్లు అదిరాయి. తెర మీద బందిపోటు సరిగ్గా అప్పుడే కొండ అంచు పట్టుకుని పైకి లేచింది. విలన్ నవ్వాడు. బందిపోటు తన్నింది. విలన్ లోయలో పడ్డాడు.

యజమానికి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. రచయిత బయటికి రాగానే చొక్కా పట్టుకున్నాడు.

"ఎవరయ్యా ఆవిడ?"

"మా అత్తగారండీ."

"ఇంత గొంతు ఇంట్లో పెట్టుకుని నాకు చెప్పలేదేం?"

"చెప్పుకునే విషయం అనుకోలేదు సార్."

కాగితం ఇచ్చి ఆవిడ చేత చదివిద్దామన్నాడు యజమాని. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "కాగితం చేతిలో పెట్టగానే గొంతులో ప్రాణం పోతుంది సార్. వార్తలు చదివినట్టు చదువుతారు. ఆ ఊపు రావాలంటే ఆవిడకి నిజంగానే కోపం రావాలి."

ఇద్దరూ రచయిత వైపు తిరిగారు. అలాంటి చూపును అతను ఇదివరకు ఆ సినిమాలోనే, మేకపిల్లను పట్టుకుపోయే సీనులో చూశాడు.

"నాలుగు సీన్లు" అన్నాడు యజమాని. "నాలుగు తప్పులు ఒప్పుకో. చెయ్యకుండా ఉంటావా ఏం?"

"సార్, సంసారం సార్."

"ఉద్యోగం కూడా చూసుకో. ఇంకో మాట. ఆవిడ 'అండీ' అంటున్నారు. బందిపోటు విలన్‌ని 'అండీ' అంటే ఎలా? కాస్త గట్టి తప్పు చూసి చెప్పు."

'అండీ'లను కోసెయ్యగలవా అని ఇంజనీరును అడిగితే, 'గారు' అయితే తీసేస్తానుగానీ 'అండీ' క్రియను కరుచుకుని ఉంటుంది, దాన్ని కోస్తే వాక్యం చచ్చిపోతుందని చెప్పాడు.

రెండో విలన్‌ను బందిపోటు సంత మధ్యలోని గడియార స్తంభానికి కట్టేసి, కోటుగుండీ ఒక్కొక్కటే కత్తితో తెంపుతుంది. రచయిత లోపలికి వెళ్ళాడు. చేతులు నలుపుకున్నాడు. అత్తగారు వాళ్ళింటికి ఇచ్చిన గోడగడియారం ఒకటుంది. గంటగంటకూ పాట పాడుతుంది, పాట చివర ఒక పిట్ట బయటికి వచ్చి తొంగిచూస్తుంది. అత్తగారు వచ్చిన రెండో రోజునుంచి అది ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆ గడియారం పాడవలేదు. బ్యాటరీలు తీసేశాం. తీసేశాను" అన్నాడు.

అత్తగారు ఒకసారి పైకి చూశారు. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"ఆగిపోయిందన్నారు. నమ్మానండీ. ఇచ్చిన వస్తువు పాడైందే అని నేనే సిగ్గుపడ్డాను. రోజూ దానికెదురుగా కూర్చుని ఆ కదలని ముళ్ళనే చూశాను. పిట్టను కూడా గొంతు నొక్కి లోపల మూసేశారన్నమాట. టైము ఎవరికోసమూ ఆగదండీ. మీకూ వస్తుంది."

గుండీలు తెగే చప్పుడుకు సరిగ్గా సరిపోయింది. కాకపోతే 'అండీ' అలాగే ఉంది. "మర్యాదగల బందిపోటు అనుకుంటారులే" అని యజమాని సర్దుకున్నాడు. "ఈసారి మాత్రం 'నువ్వు' రావాలి. నా కోసం."

మూడో విలన్ పరదేశం పారిపోయినట్టు పుకారు పుట్టించి ఊళ్ళోనే గడ్డివాములో దాక్కుంటాడు. దానికి తగిన తప్పు రచయిత దగ్గర ఒకటి ఉంది. నిజానికి దాన్ని అతను ముసలితనందాకా దాచుకుందామనుకున్నాడు.

"పోయిన నెల పనిమీద నాలుగు రోజులు ఊరెళ్ళాను కదా అత్తయ్యా. ఊరెళ్ళలేదు. ఇక్కడే, ఈ గదిలోనే పడుకున్నాను. కాస్త ప్రశాంతంగా ఉంటుందని."

"ఏమన్నారు?"

"ఇక్కడే ఉన్నానండి."

"ఊళ్ళోనే ఉన్నారా? ఊరెళ్ళానని చెప్పి ఊళ్ళోనే..." ఆవిడ కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళ ప్రసక్తి లేకుండా లేచారు. "ఊళ్ళోనే దాక్కున్నావా? నా పిల్ల జ్వరంతో పడి ఉంటే మందులకి ఎవరు వెళ్ళారనుకున్నావు? ఈ కాళ్ళతో, ఆ ఎండలో, నేను. నువ్వు ఇక్కడ చల్లగా పడుకున్నావు. దాక్కుంటే దొరకవనుకున్నావా? ఎక్కడికి పోతావు? దొరికావు."

ఇంజనీరు గదిలో శబ్దం రాకూడదు కాబట్టి యజమానీ ఇంజనీరూ నిశ్శబ్దంగా కౌగలించుకున్నారు. "నువ్వు వచ్చింది సార్, నువ్వు వచ్చింది" అని ఇంజనీరు అతని చెవిలో అన్నాడు. తెర మీద గడ్డివాము భగ్గుమంది.

అద్దం ఇవతల పండగలా ఉంటే అవతల అత్తగారు ఫోను తీశారు. అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, అక్కడికి నాలుగు వీధులే. "నువ్వు ఉన్నపళంగా ఇక్కడికి రా. మీ ఆయన స్టూడియోకి. ఫోనులో చెప్పే సంగతి కాదు."

"అత్తయ్యా, రైలుకి టైమవుతోంది" అన్నాడు రచయిత, నీళ్ళు నములుతూ.

"పోనివ్వు" అన్నారు ఆవిడ. ఇక 'అండీ' తిరిగి రాలేదు.

రచయిత బయటికొచ్చి యజమాని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. మిగిలిన రెండు సీన్లూ మానేద్దామన్నాడు. విలన్లలో ఇద్దరు పశ్చాత్తాపపడి వాళ్ళంతట వాళ్ళే పోయినట్టు రాస్తానన్నాడు. యజమాని తెర వైపు చూపించాడు. నాలుగో విలన్ పెళ్ళికొడుకు వేషంలో, ఒక అమాయకురాలిని మోసం చేసి పెళ్ళాడబోతున్నాడు. బందిపోటు గుర్రం మీద నేరుగా పెళ్ళి పందిట్లోకి దూకుతుంది. గుర్రం ఈసారి గోధుమ రంగులో ఉంది.

"ఒక్క గట్టిమాట చాలు" అన్నాడు యజమాని. "మీ ఆవిడ వచ్చేలోగా అయిపోతుంది. వచ్చాక అన్నీ సర్ది చెబుదాం. నేను చెబుతాగా."

చిక్కేమిటంటే, రచయిత దగ్గర ఉన్న నిజాలు అయిపోయాయి. ఇక వృత్తినే నమ్ముకోవాలి. మళ్ళీ లోపలికి వెళ్ళాడు. గోడ వైపు చూస్తూ, తను రాసిన సినిమాల్లో వందసార్లు వాడిన వాక్యాన్ని ఒప్పజెప్పాడు.

"అత్తయ్యా, నా హృదయంలో వేరొక స్త్రీ ఉంది. బయట కూర్చున్న ఆవిడే. గొంతు పోయిన ఆవిడ."

వరండాలో కూడా ఒక స్పీకరు ఉంది. డబ్బింగ్ కళాకారిణి తాగుతున్న వేడినీళ్ళు ఆమెకు అడ్డం పడ్డాయి. ఆమె లేచి, కాదని అరవడానికి శాయశక్తులా ప్రయత్నించింది. గాలి వచ్చింది. అదే క్షణాన మెట్లెక్కి వచ్చిన రచయిత భార్య ఆమెకు ఎదురుపడింది. భార్య విన్నది ఆ మూడు వాక్యాలే, కానీ విన్నంతవరకూ స్పష్టంగా విన్నది. కళాకారిణి గది తలుపు వైపు చూపించింది, తన గొంతు వైపు చూపించింది, రెండు చేతులూ జోడించింది, తల అడ్డంగా తిప్పింది, ఛాతీ మీద చెయ్యి వేసుకుని దణ్ణం పెట్టింది. 'ఆ మనిషి ఎవరో నాకు సరిగ్గా తెలియదు, కాదని చెప్పడానికి నాకు గొంతు లేదు, నన్ను నమ్ము తల్లీ' అని ఆమె ఉద్దేశం. చూసినవాళ్ళకు మాత్రం 'ఆయన అడిగాడు, నేను కాదనలేకపోయాను, క్షమించు' అన్నట్టు అక్షరం పొల్లుపోకుండా అర్థమయింది.

లోపల అత్తగారు అప్పటికే మొదలుపెట్టారు.

"నా పిల్ల బతుకు ఏం చేద్దామనుకున్నావురా? దాని కళ్ళకి నువ్వొక్కడివే మగాడిలా కనిపించావురా, ఇంకెవరినీ చూడనంది. ఆ కళ్ళల్లో నీళ్ళు వస్తే నువ్వు బతుకుతావా? నేను బతకనిస్తానా? తియ్యి ఆ పెళ్ళికొడుకు మొహం ఇక్కణ్ణించి."

'మీరు'నుంచి 'నువ్వు'కి దిగడానికి ఆవిడకు మూడు తప్పులు పట్టింది. 'నువ్వు'నుంచి 'రా'కి ఒక్కటి సరిపోయింది. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. పెళ్ళికొడుకు ఏడు గుళ్ళు తిని, నవ్వి, పడిపోయాడు.

భార్య తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆమె ఏడవడం లేదు. అది చూసి రచయితకు మొదటిసారి నిజంగా భయం వేసింది. అతనికి ఆమె అంటే ఇష్టం. ఊరెళ్ళానని అబద్ధమాడిన ఆ నాలుగు రోజుల్లోనూ, ఆమె లేకుండా నిద్రపట్టక, ఈ గదిలో నేల మీద పడుకుని పైకప్పు చూస్తూ గడిపాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు. గొంతు పోయిన ఆవిడ పరిస్థితే తనకూ వచ్చింది.

"ఏవండీ, నిజమేనా?" అంది భార్య.

"కాదు. అది సినిమా కోసం."

"సినిమా కోసం వేరే ఆవిడని హృదయంలో పెట్టుకున్నారా?"

"వీడి మాట నమ్మకే" అన్నారు అత్తగారు. "పోయిన నెల ఊరెళ్ళలేదుట, ఇక్కడే దాక్కున్నాడుట. పై బెర్తు వేశాడు. గడియారంలో బ్యాటరీలు తీసేసి పాడైందని నన్ను నమ్మించాడు."

భార్య మొగుడి వైపు తిరిగింది. "గడియారంలో బ్యాటరీలు మీరే తీశానని చెప్పారా?" ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "తీసింది నేను కదా."



ఇంజనీరు గదిలో ఐదో ప్రతీకారం సిద్ధంగా ఉంది. ఐదో విలన్ మొహానికి కూడా నల్ల రుమాలే. పోరాటం మధ్యలో అది ఆడమనిషని తేలుతుంది. ఇంకాస్త కొట్టుకున్నాక బందిపోటుకు స్వయానా తోబుట్టువని తేలుతుంది. రుమాళ్ళు మాత్రం ఇద్దరూ తియ్యరు, తీస్తే ఆ ఇద్దరూ వేరేవాళ్ళని తేలుతుంది కాబట్టి. ఈ సీనుకు ఇద్దరు ఆడవాళ్ళ గొంతులు ఎక్కణ్ణించి తేవాలా అని యజమాని పొద్దుటినుంచి దిగులుపడుతున్నాడు. ఇప్పుడతను ఇంజనీరు భుజం గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టాడు.

"నువ్వా?" అన్నారు అత్తగారు. "నువ్వు తీశావా?"

"గంటగంటకీ అది పాడుతుంటే ఎలా పడుకోమంటావమ్మా? అది పాడగానే నువ్వు లేస్తావు. నువ్వు లేచి మా అందరినీ లేపుతావు."

"అంటే నేను భారమయ్యానన్నమాట."

"నేనలా అన్నానా? నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పటినుంచీ ఇంతే. ఒకటంటే పది చేస్తావు. ఇంట్లో కూడా మిల్లులోలాగే మాట్లాడతావు. నేను నీ కూతుర్నమ్మా, నీ కింద పనిచేసేదాన్ని కాదు."

"ఆ మిల్లులో ఎవరికోసం నిలబడ్డానే? పొద్దుట వెళ్తే నువ్వు నిద్రలో ఉండేదానివి, వచ్చేసరికి నిద్రలో ఉండేదానివి. నువ్వు పెద్దదానివి కావడం నేను చూడనేలేదు. మెలకువగా ఉన్న నిన్ను చూద్దామనే ఇన్నాళ్ళు ఉండిపోయాను. గడియారం కోసం వచ్చాననుకున్నావా? నీకోసం వచ్చానే."

భార్య వెళ్ళి తల్లిని పట్టుకుని, భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. అత్తగారూ ఏడ్చారు. రచయిత తన ప్రమేయం లేకుండానే కళ్ళు తుడుచుకున్నాడు. అద్దం అవతల, తెర మీద బందిపోటు తుపాకీ పారేసి తోబుట్టువును కౌగలించుకుంది. ఇంజనీరు ముక్కు చీదాల్సి వచ్చి మీట కట్టేశాడు.

అత్తగారు తలుపు పైకి చూసి, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"ఇక చాల్లే, లే. లైటు ఆరిపోయింది" అన్నారు.

అందరికన్నా ముందు రచయిత తేరుకున్నాడు. "ఏ లైటు అత్తయ్యా?"

"ఆ తలుపు మీద ఎర్రలైటండీ" అన్నారు ఆవిడ. 'అండీ' ఏమీ జరగనట్టు తిరిగి వచ్చేసింది. "దాని కింద 'రికార్డింగ్ జరుగుతోంది' అని ఇంతింత అక్షరాలతో రాశారు కదా. పై బెర్తప్పుడు చూడలేదు. ఆ కోపం నిఖార్సైనదే. ఆ తర్వాత మీరు బయటికెళ్ళి, ముగ్గురూ గుసగుసలాడుకుని, లోపలికొచ్చి, నేనేమీ అడగకుండానే తప్పు ఒప్పుకున్నారు. మిల్లులో అంతమందిని చూశాను గానీ, అడగకుండా తప్పు ఒప్పుకున్నవాడిని ఇప్పటిదాకా చూడలేదండీ. అప్పుడు పైకి చూశాను."

"మరి ఆ నాలుగోది కూడా..." అని గొణిగాడు రచయిత.

"అదా. దానికి కోపం తెప్పించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నవ్వు ఆపుకోవడానికే సగం గొంతు ఖర్చయింది. మీరు నిజాలు చక్కగా చెబుతారండీ. అబద్ధాలు మాత్రం మీరు రాసే సినిమాల్లాగే ఉంటాయి."

భార్య ముక్కు తుడుచుకుంటూ తలెత్తింది. "అమ్మా, నాతో అన్నది కూడా లైటు కోసమేనా?"

"పిచ్చిమొహమా. లైటు ఉన్నా లేకపోయినా అనాల్సిన మాటే అది. ఎటూ వెలుగుతోంది కదాని పనిలో పని అనేశాను."

భార్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మొగుడి వైపు తిరిగింది. నవ్వు ఆగింది. "సరే, నాలుగోది అబద్ధం. గడియారం తప్పు నా మీద వెయ్యకుండా మీ మీద వేసుకున్నారు, బాగుంది. మరి ఊరెళ్ళానన్న నాలుగు రోజుల సంగతి ఏమిటి?"

"నీకు అర్థమయ్యేలా చెబుతాను" అన్నాడు రచయిత.

"ఇంటికెళ్ళాక చెబుదురుగాని" అంది భార్య. ఆ గొంతు విని యజమాని అద్దం వెనకనుంచి ఇంజనీరుకు మీట మళ్ళీ నొక్కమని సైగ చేశాడు. అప్పటికి ఆలస్యమైపోయింది.

మర్నాడు మధ్యాహ్నం 'నెత్తుటి రుమాలు' టీవీలో వచ్చింది. కునుకు తీస్తున్న సగంమంది లేచి కూర్చున్నారని, రిమోటు వెతుక్కుంటున్న సగం వెతకడం మానేశారని ఛానెల్‌వాళ్ళు ఫోను చేసి చెప్పారు. ఇరవై ఏళ్ళ బందిపోటు 'నా పిల్ల బతుకు' అని ఎందుకందో ఎవరూ అడగలేదు. కొండ మీది విలన్ ఆమెకు బెర్తు ఎందుకు వేశాడో కూడా అడగలేదు. ఒక పత్రికాయన అయితే, మొదటి ఇద్దరు విలన్లను 'అండీ' అంటూ చంపిన నాయిక, మూడోవాడి దగ్గరికొచ్చేసరికి 'నువ్వు'లోకి, నాలుగోవాడి దగ్గర 'రా'లోకి దిగడం పాత్ర మానసిక పరిణామానికి అద్దం పట్టిందని, మాటల రచయిత ప్రతిభకు జోహార్లని రాశాడు.

ఆ జోహార్లు పట్టుకుని రచయిత స్టూడియోకు వెళ్ళాడు. యజమాని కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. ఛానెల్‌వాళ్ళు ఇంకో మూడు బందిపోటు సినిమాలు పంపుతున్నారు. మూడింట్లోనూ రుమాళ్ళున్నాయో లేవో ముందే కనుక్కున్నాడు. మాటలు అత్తగారివే కాబట్టి, ఇకమీదట మాటలు అన్నచోట ఆవిడ పేరే పడుతుంది. అది న్యాయం.

"మరి నేను, సార్?" అన్నాడు రచయిత.

"నువ్వు లేకపోతే ఎలా నడుస్తుందయ్యా" అన్నాడు యజమాని.

ఇప్పుడు రచయిత పేరు తెర మీద 'కథా సహకారం' కింద పడుతుంది. పని మాత్రం సినిమాకు ఐదు చొప్పున కొత్త తప్పులు చెయ్యడం.